పెట్టె చప్పుడు

నా దగ్గర చదువుకుని ఇప్పుడు తానే పాఠాలు చెబుతున్న ఒకతను మొన్న వచ్చి, “మాస్టారూ, ఇది వినండి” అని ఒక అమెరికన్ పాటల సంపుటి పెట్టాడు. పాటకంటె ముందు గరగరమని ఏదో రొద. యంత్రం చెడిందేమో చూడమన్నాను. చెడలేదట, ఆ రొద పాటలోదేనట.

పాడినవాడు జాన్ డార్నీల్. కాలిఫోర్నియాలో, నార్వాక్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేస్తున్న రోజుల్లో, 1990 ప్రాంతంలో, ఇంట్లోనే పాటలు కట్టి పాడటం మొదలుపెట్టాడు. ‘ది మౌంటెన్ గోట్స్’ అని పేరు పెట్టుకున్నాడు. పేరు బృందానిది, మనిషి తరచు ఒక్కడే. చేత గిటారు, ఎదుట పానసోనిక్ టేపురికార్డరు. మైకూ మోటారూ ఒకే పెట్టెలో ఉండటంచేత, చక్రాలు తిరిగే చప్పుడు కూడా గొంతుతోపాటు టేపుమీదికి ఎక్కుతుంది. నేను విన్న ‘ఆల్ హెయిల్ వెస్ట్ టెక్సస్’ 2002లో వెలువడింది. పద్నాలుగు పాటలు. మొదటిది డెంటన్ అనే ఊళ్లో ఇద్దరు కుర్రవాళ్లు సంగీత బృందం పెట్టుకుంటే, వారిలో ఒకణ్ణి ఎక్కడికో బడికి పంపివేసిన కథ.

ఇందులో గొప్పేముంది, డబ్బులేనివాడి అవస్థే గదా అనవచ్చు. బీదరికానికి అందం అంటగట్టే రసికులంటే నాకూ పడదు. ఆయన మాత్రం రొదకోసం వ్రతం పట్టాడా? ఆ ఏడాదే స్టూడియోకు వెళ్లి మరో సంపుటి చేశాడు. నన్ను పట్టుకున్నది వేరు. కట్టిన పాటను వేడి చల్లారకముందే టేపుకెక్కించడానికి ఆయన ఎవరినీ అడగనక్కరలేకపోయింది. ఏది నిలవదగిన పాటో స్టూడియో అద్దె తేల్చలేదు. ఆ టేపులు నలుగురికీ చేరడానికి ‘ష్రింపర్’ వంటి చిన్న సంస్థ కావలసివచ్చింది. అది వేరే సంగతి. కాదు, అదీ ఈ సంగతే.

1986లో నేనూ ఒక టేపురికార్డరు కొన్నాను. మా ఊళ్లో నాట్లువేసే ఒక అవ్వ చేత ఆరు పాటలు పాడించాను. తిరిగి వింటే పంపుసెట్టు మోత, మనవడి ఏడుపు, నడుమ ఆమె దగ్గు. సభలో వినిపిస్తే నవ్వుతారనిపించింది. శ్రామికుల సాహిత్యంమీద వ్యాసాలు రాస్తున్న రోజులవి! మాటలు నోటుపుస్తకంలో ఎక్కించుకుని, ఆ టేపుమీదే ఒక విమర్శకుని ఉపన్యాసం పట్టాను. అది చాలా స్పష్టంగా వచ్చింది.

అవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. నోటుపుస్తకం ఉంది. ఏ మాటను సాగదీసేదో, ఎక్కడ ఊపిరి తీసుకునేదో అందులో లేదు. ఆ సాయంత్రం టేపు వెతికి తీసి, అతనికి వినిపించాను. ఉపన్యాసం ముగిశాక చివర అరనిమిషం పంపుసెట్టు మోత మిగిలి ఉంది. పాట లేదు.