ఎనిమోనునకు మా యిల్లు తగునా?

అతిథిని పిలుచుట సులభము. వచ్చిన యతిథిని నిలుపుకొనుట కష్టము. పిలుచుటకు నోరు చాలును, నిలుపుకొనుటకు ఇల్లు చాలవలెను. నిజామాబాదులోని మా యింట కొన్ని నెలలుగా ఒక యతిథిని గూర్చి చర్చ నడచుచున్నది. ఆ యతిథి సముద్రమున బండల నంటిపెట్టుకొని బ్రదుకు ఎనిమోను. చూచుటకు పువ్వు, నిజమునకు జంతువు. రేకులని మనము భ్రమించునవి దాని స్పర్శకములు. వాని నిండ దంశకణము లున్నవి. తాకిన చిన్నప్రాణిని అవి కుట్టి, స్తంభింపజేసి, నడుమనున్న నోటి కందించును.

మా చావడిలో మూడువందల లీటర్ల ఉప్పునీటి గాజుతొట్టి యొకటి కలదు. గత మృగశిర కార్తెలో దానిని నింపితిమి. చూచినవారు ప్రవాళభిత్తిక యనుకొందురు గాని, అందలి రాళ్లు మట్టితో చేసి కాల్చినవి. గట్టి ప్రవాళములన్నియు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్పబడినవి. కావున నిజమైన ప్రవాళము మా యింటికి రాలేదు, రాదు. తొట్టిలోనున్న రెండు క్లౌను చేపలు సముద్రమున పట్టినవి కావు, పెంపకపు తొట్లలో పుట్టినవి. పదునాలుగేండ్ల మా అమ్మాయి వానిని చూచి, "బాపూ, ఈ చేపలకు ఇల్లు లేదు గదా, ఎనిమోనును తెద్దామా?" అని యడిగినది. ఆ ప్రశ్నలో దయ యున్నది. దయతో నడిగిన ప్రశ్నకు తొందరపడి యవుననుటయు, విసుగుకొని కాదనుటయు రెండును తగవు.

మొదట చేపల మాట విచారింతము. సముద్రమున వేయికి మించిన ఎనిమోను జాతులుండగా, క్లౌను చేపల కాశ్రయమిచ్చునవి సుమారు పది మాత్రమే. అక్కడ చేప శత్రువునకు వెఱచి దాని నడుమ దాగును. మా తొట్టిలో శత్రువు లేడు. ఎనిమోను లేకయే ఈ చేపలు తొట్లలో సుఖముగా బ్రదుకును, గ్రుడ్లు పెట్టును, పిల్లలగును. కావున ఇల్లు కావలసినది చేపలకు గాదు. ఆ దృశ్యము కావలసినది మనకు. ఈ సంగతి తేల్చుకొన్న పిమ్మట ప్రశ్న మారినది. చేపకు ఎనిమోను వలయునా యనుట కాదు, ఎనిమోనునకు మా యిల్లు తగునా యనుట.

తొట్టి నింపినంతనే నీరు సముద్రము కాదు. చేపల మలమునుండి అమ్మోనియా పుట్టును. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మఱొక తెగ నైట్రేటుగను మార్చును. మొదటి రెండును విషములు. ఈ పని కుదుటపడుటకు కొన్ని వారములు చాలును. విక్రేత యొకడు ఇంతమాత్రము చూచియే "తొట్టి సిద్ధము, తీసికొనుడు" అని మమ్ము తొందరపెట్టెను. కాని విషము లేకుండుట వేఱు, నిలుకడ యుండుట వేఱు. ఎనిమోనును పెంచి యెఱిగినవారు తొట్టికి ఆరు నెలలైనను, మేలుగా ఒక సంవత్సరమైనను నిండవలెనందురు.

ఈ భేదమును మా అమ్మాయికి చక్కగా బోధించినవారు మా మామగారు. ఆయన బోధను ప్రాంతపు చెఱకు రైతు. 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమునకు ఏండ్ల తరబడి చెఱకు తోలినవారు. మేము ఉప్పును కొలుచు రిఫ్రాక్టోమీటరును చూచి ఆయన నవ్వి, "ఇది మా చెఱకును చూచు దుర్భిణియే గదా!" అనిరి. నిజమే. పద్ధతి యొకటే, కొలగీతలు మాత్రమే వేఱు. రసపు చుక్కను గాజుపై వేసి వెలుగునకెత్తి చూచిన బ్రిక్సు తెలియును. చెఱకు మొదటినుండి పైకి పండును. మొదటి కణుపుల రసము, కొన కణుపుల రసము ఇంచుమించు సమానమైననాడే తోట కోతకు వచ్చినట్లు. మొదలు తీపియై కొన చప్పగా నున్న తోటను కోసినవాడు నష్టపడును.

తొట్టికిని మొదలు కొన లున్నవి. అవి తెల్లవారుజాము, అపరాహ్నము. అమ్మాయి ప్రతిదినము ఆ రెండు వేళల వేడిని, ఉప్పును ఒక పుస్తకమున వ్రాయుచున్నది. డిసెంబరులో రెండు వేళల వేడికి భేదము ఒక డిగ్రీకి మించలేదు. ఉగాది దాటిన పిమ్మట అది రెండు డిగ్రీలైనది. మా యూర వేసవి 45 డిగ్రీలను సమీపించును. ఎనిమోనునకు 25 మొదలు 27 డిగ్రీల నీరు హితము. దాని దేహమున కంటి కానని శైవలము లుండును. అవి వెలుతురును త్రాగి, మన చెఱకు వలెనే, చక్కెర చేసి తమ కాశ్రయమిచ్చినదానికి పంచును. నీరు వేడెక్కినచో ఈ కాపురము చెడును, శైవలములు వెడలిపోవును, ఎనిమోను తెల్లబడి క్రమముగా నాకలికి కృశించును. పైపెచ్చు, చోటు నచ్చనిచో అది కదలిపోవును. అట్లు తిరుగుచు పంపు నోటబడి ముక్కలైనచో, ఆ దేహము క్రుళ్లి తొట్టియంతయు చెడి చేపలును చచ్చును. కావున పంపునకు జాలి కట్టుట, తగినంత బలమైన దీపము పెట్టుట ముందుగా జరుగవలసిన పనులు. ఈ రెండును మేము చేసితిమి.

అప్పుడు నా భార్య ఒక ప్రశ్న వేసినది: "మనము పెండ్లికి నాలుగుదినములు పోయిన, దీనిని చూచువా రెవరు?" వేసవిలో మా తొట్టినుండి దినమునకు మూడు లీటర్లు ఆవిరియగును. నీరు పోవును గాని ఉప్పు పోదు. నాలుగు దినములు మంచినీరు పోయకున్నచో లీటరునకు 35 గ్రాములుండవలసిన ఉప్పు 36.5 గ్రాములగును. అంతకంటె ముఖ్యమైన దొకటి ఆమె మాటలో నిమిడియున్నది. మగవాడు ముచ్చటపడి తెచ్చిన ప్రాణిసేవ తుదకు ఎవరి చేతులమీద బడునో మన యిండ్లలో తెలియనిది కాదు. ఇంటికి వచ్చు ప్రాణిని గూర్చిన నిర్ణయము దానికి చాకిరి చేయువారందఱిదియు గావలెను.

పైగా ఇది ఒక ఋతువు ముచ్చట కాదు. స్కాట్లండున సర్ జాన్ డాలియల్ అను పండితుడు 1828లో తీరమునుండి యొక ఎనిమోనును తెచ్చి గాజుపాత్రలో నుంచెను. ఆయన 1851లో గతించెను. అది మఱికొందఱి చేతులు మాఱి 1887 వఱకు బ్రదికెను. అది చల్లని తీరపు జాతి, మనము కోరునది వెచ్చని నీటిది. ఐనను సహజముగ దీర్ఘాయువు గల ప్రాణి కుల మిది. అట్టిదానిని తెచ్చి ఆరునెలలలో చంపుట పెంపకము గాదు. ఇంగ్లండున 1854లో ఫిలిప్ గాస్ వ్రాసిన గ్రంథముతో ఇంటి తొట్ల మోజు ప్రబలి, జనులు తీరపు గుంటలను దోచిరి. ఆయన కుమారుడే 1907లో తన గ్రంథమున ఆ తీరములు బోసిపోయిన సంగతి దుఃఖముతో వ్రాసెను. ఇష్టముతో చేసినను నష్టము నష్టమే.

ముగ్గురమును కూర్చుండి మూడు నియమములు వ్రాసికొంటిమి. ఈ మేమాసము గడచువఱకు రెండు వేళల భేదము ఒక డిగ్రీలోపల నిలువవలెను. అందుకు చిల్లరును, కరెంటు పోయినపుడు పనిచేయు బ్యాటరీని కొనవలెను. ఇంటివారిలో ప్రతివారును తొట్టిపని యంతయు నేర్వవలెను, నాతో సహా వంతులు వేసికొనవలెను. తెచ్చినచో సముద్రమున పెఱికినదానిని గాక, తొట్టిలో తనంత చీలి రెండైనదానిని మాత్రమే తేవలెను. అట్టిది దొరకనిచో తేకుండుటయే నిర్ణయము.

అమ్మాయి కొంత చిన్నబుచ్చుకొన్నమాట నిజము. కాని పుస్తకము వ్రాయుట మానలేదు. నిన్న తాతగారిని "చెఱకు పండకముందే కోయుమని మిమ్ము ఎవరైన తొందరపెట్టెడివారా?" అని యడిగినది. "ప్రతి యేడును" అని ఆయన బదులు చెప్పిరి.