నెట్‌వర్క్ తప్పు కాదు

అమెరికాలో నేనుండే ఎడిసన్‌లో వేసవి ఉదయం ఎనిమిదైతే విజయవాడలో సాయంత్రం ఐదున్నర. గవర్నర్‌పేటలో మా ఇంటి వరండాలో నాన్న పడక్కుర్చీ వేసుకుని నా వీడియో కాల్ కోసం చూసే వేళ. నిరుడు ఆ కాల్స్‌లో ఆయన మాట మధ్యలో ఆగిపోయేవారు. "హలో, వినిపిస్తోందా?" అంటూ ఫోను అటూ ఇటూ తిప్పి, నెట్‌వర్క్‌ని తిట్టుకునేవాణ్ణి. అంతలో వెనకనుంచి అమ్మ మాట అందించేది, నాటకంలో తెరచాటునుంచి పద్యం అందించినట్టు. నాన్న అందుకుని సాగించేవారు.

అంతకు రెండు నెలల ముందే ఆయనకు మైల్డ్ స్ట్రోక్ వచ్చింది. పొద్దున్నే పేపరు చదువుతుంటే మూతి కాస్త వంకరపోయి, కుడిచెయ్యి తిమ్మిరెక్కింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, నడుచుకుంటూ ఇంటికొచ్చారు. "దేవుడి దయవల్ల తేలిగ్గా పోయిందిరా" అంది అమ్మ. నేను టికెట్ రద్దు చేసుకున్నాను.

సంక్రాంతికి వెళ్లాక గానీ సంగతి తెలియలేదు. నాన్న నలభై ఏళ్లు బీసెంట్ రోడ్డులో బట్టలకొట్టు గుమాస్తా. చిట్టా చూసి ఆవర్జాలోకి ఎక్కిస్తూనే మనసులో కూడిక కట్టేసేవారు. ఆ మనిషి పాలవాడి లెక్క నాలుగుసార్లు కూడితే నాలుగు మొత్తాలు వచ్చాయి. ఏలూరు రోడ్డుకి మందుల కోసం వెళ్లి, ఎందుకొచ్చారో గుర్తురాక వారపత్రిక కొనుక్కొచ్చారు.

నరాల డాక్టరు మోకా అనే పరీక్ష పెట్టారు. మాంట్రియల్‌లో తయారై 2005లో వెలువడిన ఆ పరీక్ష 30 మార్కులకు. గడియారం గీసి పదకొండూ పది చూపించమన్నారు. నూరులోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మన్నారు. తొంభై మూడు, ఎనభై ఆరు... అక్కడ ఆగారు నాన్న. అమ్మ పెదవులు కదిలాయి. డాక్టరు చెయ్యెత్తి వారించారు. ఆ నిశ్శబ్దాన్ని తోసెయ్యడానికి అక్కడ నెట్‌వర్క్ లేదు.

మైల్డ్ అనేది ముఖ్యంగా కాళ్లూ చేతులూ మాటా చూసి వేసే లెక్కని అప్పుడు తెలిసింది. స్ట్రోక్ తీవ్రత కొలిచే 42 పాయింట్ల స్కేలులో ఇది ఏ నెల, వయసెంత అని అడుగుతారు గానీ, జ్ఞాపకానికీ కూడికలకీ విడిగా పాయింట్లు లేవు. మెదడు లోపల థాలమస్ లాంటి చోట చిన్న మచ్చ పడ్డా చాలు, ముందుభాగానికి పోయే దారులు దెబ్బతింటాయి. కాలవలో ఎగువన కాస్త పూడిక పడితే శివారు పొలం ఎండినట్టు. నడక బాగానే ఉంటుంది, పనులు వరసపెట్టుకునే నేర్పు సడలుతుంది.

బీపీ, షుగరు అదుపులో ఉండాలని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర మానకూడదని, రోజూ నడవాలని చెప్పారు డాక్టరు. దిగులు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది, దాచుకోవద్దన్నారు. మొదటి నెలల్లో కొందరు బాగా తేరుకుంటారట.

నేను అమెరికా తిరిగొచ్చి చదవడంలో పడ్డాను. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం స్ట్రోక్ వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. వన్‌టౌన్ మార్వాడీ వ్యాపారులతో నాన్న హిందీలో ఆడిన బేరాలు గుర్తొచ్చాయి. శాతాలు ఒక మనిషికి పూచీ పడవు. అయినా ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

ఇప్పుడు కాల్‌లో మా కబుర్లు తక్కువ, ఇంటిఖర్చు పద్దు ఎక్కువ. నాన్న పుస్తకం తెరిచి చదువుతారు. అందించకుండా ఊరుకోవడం అమ్మకి కష్టమే, అందుకే ఆ వేళకి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

"పాలు అరవై నాలుగు. కూరలు నూట ఇరవై..."

ఆగుతారు. నేను హలో అనను. నా చేతిలో కాఫీ చల్లారుతుంది.

"నూట ఎనభై నాలుగు. రాసుకున్నావా?" అంటారు.