మద్రాసులో రెండు సముద్రాలు

షాబాన్ మాసంలో వార్షిక పరీక్షలు ముగిసిన మరుసటి వారం, పై తరగతుల విద్యార్థులు ఆరుగురిని వెంటబెట్టుకొని మేము ఇద్దరు ఉపాధ్యాయులము చెన్నై వెళ్ళి వచ్చాము. నెల్లూరు నుండి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సుమారు మూడు గంటల ప్రయాణం. మా జిల్లావారు ఆ నగరానికి పోయేది ఎక్కువగా వైద్యానికి, లేదా పెళ్ళి బట్టలకు. ఈ రెండు పనులూ లేకుండా ఒక రాత్రి ఉండి రావడానికి వెళ్తున్నామంటే బంధువులు ఆశ్చర్యపోయారు. సముద్రం చూడడానికని పిల్లలు చెప్పుకున్నారు. సముద్రమే కావాలంటే మాకు మైపాడు చాలు. మేము తలచుకొని వెళ్ళింది ట్రిప్లికేన్‌లోని వాలాజా మస్జిద్‌ను.

సెంట్రల్ స్టేషన్‌లో దిగి, మెట్రో రైలులో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషను చేరితే అక్కడి నుండి దూరం కొద్దిపాటిదే. ఆ ప్రాంతంలోనే చేపాక్ ప్రాసాదం ఉంది. కర్ణాటక నవాబు ముహమ్మద్ అలీ ఖాన్ వాలాజా 1768లో కట్టించుకున్న నివాసమిది. ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయాల ఆవరణ. ఇందులోని ఖలస్ మహల్ 2012లో అగ్నిప్రమాదానికి గురై, తరువాత పునరుద్ధరింపబడింది. మా నెల్లూరు సీమ కూడా ఒకప్పుడు ఈ నవాబుల ఏలుబడిలోనిదే. 1801 ఒప్పందంతో కంపెనీ పరమైంది. వాలాజా నవాబు ఆంగ్లేయుల వద్ద చేసిన అప్పులు చరిత్రలో ప్రసిద్ధం. ఆ అప్పుల సంగతి తెలిసినవారికి ఈ ఎర్రని గోడల ముందు ముచ్చటపడి నిలబడాలనిపించదు. మేమూ నిలబడలేదు.

అసర్ వేళకు మస్జిద్ చేరుకున్నాము. ఎదుట విశాలమైన మైదానం, ఆవల బూడిదవన్నె నల్లరాతి కట్టడం, ఇరువైపులా సన్నని మీనార్లు. 1795లో పూర్తయిన ఈ నిర్మాణంలో కలపగానీ ఇనుముగానీ వాడలేదు. వెలుపల మండుటెండ, లోపల అడుగుపెట్టగానే పాదాలకు రాతి చల్లదనం తగిలింది. రంగులూ అద్దాలూ లేని ఇటువంటి ప్రార్థనాలయాలు మాకు ఎక్కువ నచ్చుతాయి. ఇది మా అభిరుచి మాత్రమే.

నమాజు అనంతరం విద్యార్థులను మిహ్రాబ్ వైపు తీసుకువెళ్ళాము. అక్కడ రాతిలో చెక్కిన ఫారసీ పద్యం ఒకటి ఉంది. మస్జిద్ నిర్మాణ సంవత్సరాన్ని అక్షరాలలో పొదిగిన 'తారీఖ్' అది. దానిని రచించినవారు రాజా మఖన్ లాల్ అనే హిందూ పండితుడు. చివరి తరగతి విద్యార్థి, ఖుర్ఆన్ హాఫిజ్, కాసేపు తేరిపార చూసి, "హజ్రత్, ఇది అరబీ కాదు కదా?" అన్నాడు. లిపి వచ్చు, మాట రాదు. ఆ పంక్తులలో మూడు పదాలను మాత్రం గుర్తుపట్టగలిగాడు: జిక్ర్, అల్లాహ్, అక్బర్. అల్లాహ్ స్మరణ అన్నిటికన్నా గొప్పదని భావం.

అక్కడే ఒక స్తంభం నీడన కూర్చోబెట్టి అబ్జద్ లెక్క చెప్పాము. 'జిక్ర్'లో జాల్ 700, కాఫ్ 20, రే 200, మొత్తం 920. 'అల్లాహ్'లో అలిఫ్ 1, రెండు లామ్‌లు 60, హే 5, మొత్తం 66. 'అక్బర్'లో అలిఫ్ 1, కాఫ్ 20, బే 2, రే 200, మొత్తం 223. మూడూ కూడితే 1209. అది హిజ్రీ సంవత్సరం. క్రీస్తు శకంలో 1794-95. వేళ్ళు మడిచి కూడుకుంటున్న పిల్లల ముఖాలు వికసించాయి. మన తెలుగు శాసన కవులు సైతం శక సంవత్సరాన్ని అంకెలలో కాక మాటలలో దాచి చెప్పేవారు కనుక, ఈ విద్య మన నేలకు కొత్తది కాదని వారికి చెప్పాము.

అయితే మా మనసు అక్కడే చిక్కుకుపోయింది. ఒక హిందూ పండితుడు ఫారసీని అంతగా అభ్యసించి, ఖుర్ఆన్‌లోని మాటలతోనే మస్జిద్‌కు సంవత్సరాన్ని కూర్చాడు. ఎనిమిదేళ్ళు మదర్సాలో చదివిన మా పిల్లవాడు దానిని చదవలేకపోయాడు. తప్పు అతనిది కాదు. కొన్నేళ్ళ క్రితం మా మదర్సాలో ఫారసీ పాఠాన్ని తీసివేసి ఆ సమయాన్ని గణితానికి, ఆంగ్లానికి ఇచ్చారు. ఆ నిర్ణయాన్ని మేము సమర్థించాము, నేటికీ సమర్థిస్తాము. బ్యాంకు చలానా నింపడానికి ఇతరుల వద్దకు పరుగెత్తే ఆలిమ్‌లు తయారుకాకూడదు. కానీ తన ఇంటి గోడమీది రాత తానే చదవలేని స్థితిని ఏమనాలి?

అదే ఆవరణలో మౌలానా అబ్దుల్ అలీ విశ్రమిస్తున్నారు. లోకం ఆయనను 'బహ్రుల్ ఉలూమ్' అని పిలిచింది. అంటే విద్యల సముద్రం. మన మదర్సాలలో నేటికీ నడిచే దర్సె నిజామీ పాఠ్యక్రమం ఏ ముల్లా నిజాముద్దీన్ పేరు మీద ఉన్నదో, ఆయన కుమారుడే ఈయన. లక్నోలోని ఫిరంగీ మహల్‌లో పెరిగి, అక్కడి కలహాల వల్ల ఊరు విడిచి, షాజహాన్‌పూర్, రాంపూర్, వంగదేశంలోని బుహార్‌లలో పాఠాలు చెప్పి, చివరకు నవాబు ఆహ్వానం మీద మద్రాసు చేరారు. నవాబు స్వయంగా ఎదురేగి పల్లకీకి భుజం పట్టాడని చెబుతారు. ఆయన కొరకు మదర్సా ఏర్పాటు చేసి 'మలికుల్ ఉలమా' బిరుదునిచ్చాడు. 'ముసల్లముస్ సుబూత్'కు ఈయన రాసిన వ్యాఖ్య 'ఫవాతిహుర్ రహమూత్' ఉసూలె ఫిఖ్హ్ బోధించేవారందరికీ సుపరిచితం. మౌలానా రూమీ మస్నవీకీ వ్యాఖ్య రాశారు. 1810లో ఇక్కడే కన్నుమూశారు. రైళ్ళు లేని ఆ కాలంలో, పుస్తకాల బరువుతో ఎన్ని నదులు దాటి వచ్చారో!

సమాధి వద్ద సలాం చెప్పి, మగ్‌ఫిరత్ కొరకు దుఆ చేశాము. ప్రతి సంవత్సరం తెల్లబల్లపై దర్సె నిజామీ అని రాసే మాకు కూడా ఆ పేరు వెనుక ఒక మనిషి, ఒక కుటుంబం, ఒక ప్రవాసం ఉన్నట్లు ఇంత దగ్గరగా తోచింది అప్పుడే. రాజ్యాంగ సభ సభ్యులైన ఖాయిదె మిల్లత్ ముహమ్మద్ ఇస్మాయీల్ సాహెబ్ సమాధి కూడా ఈ ఆవరణలోనే ఉంది. రంజాన్‌లో వచ్చేవారు మరొక దృశ్యం చూడవచ్చు: దేశ విభజన వేళ సింధ్ నుండి శరణార్థిగా వచ్చిన దాదా రతన్‌చంద్ అనుయాయులు, సూఫీదార్ సంస్థవారు, దశాబ్దాలుగా ఇక్కడ ఉపవాసులకు ఇఫ్తార్ వండి తెచ్చి వడ్డిస్తున్నారు.

ఇషా తరువాత పిల్లల కోరిక మేరకు మెరీనా తీరానికి నడిచాము. వేడి సుండల్, మిరపకాయ బజ్జీలు, గుర్రపు స్వారీలు, జన సమ్మర్దం. అలల లాగు బలమైనది. కుటుంబంతో వెళ్ళేవారు పిల్లలను నీటిలోకి దిగనివ్వరాదు. అంతకుమించి మెరీనా గురించి చెప్పడానికి మా వద్ద ఏమీ లేదు.

మరునాడు ఉదయం ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియం చూశాము. కృష్ణాతీరపు అమరావతి నుండి తరలివచ్చిన పాలరాతి వంటి శిల్పఫలకాలు అక్కడ ఉన్నాయి. మన గుంటూరు సీమ రాళ్ళను చూడడానికి తమిళదేశం రావలసి రావడం ఒక వింత. శుక్రవారం మ్యూజియానికి సెలవు. జుమా కొరకు ప్రయాణం పెట్టుకునేవారు గమనించాలి.

తిరుగు రైలులో హాఫిజ్ పిల్లవాడు మా పేర్లన్నిటికీ అబ్జద్ లెక్కలు కట్టాడు. గూడూరు దాటాక దగ్గరికి వచ్చి, "హజ్రత్, గులిస్తాన్ మొదటి అధ్యాయమైనా సెలవుల్లో చెబుతారా?" అని అడిగాడు. రంజాన్‌లో రోజూ జుహర్ తరువాత అరగంట కూర్చోబెడతామని మాట ఇచ్చాము. మిగిలిన ఐదుగురు కూడా వస్తామన్నారు. షవ్వాల్‌లో మదర్సా తెరిచాక వారానికి ఒక్క గంట ఫారసీకి అడగాలని మేము ఇద్దరమూ అనుకున్నాము. ఆ గంటను ఏ పాఠం నుండి తీయాలన్న విషయంలో మాత్రం, నెల్లూరు స్టేషను వచ్చేవరకు మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు.