కుక్కపిల్లల నామకరణము

కుక్కపిల్లలకు పేరులు పెట్టుట యొక వ్యాసమునకు తగిన విషయమా యని చదువరులు నవ్వవచ్చును. నవ్విన నవ్వుదురు గాక. మనవారు శిశువునకు పేరు పెట్టుటకు ముహూర్తము చూతురు. నక్షత్రపాదమునకు తగిన యక్షరమును వెదకుదురు. పళ్లెములో బియ్యము పోసి బంగారుటుంగరముతో పేరు వ్రాయుదురు. ఇంత చేసియు, ఆ పేరు మోయవలసినవాడు దానిని జీవితాంతము ఎట్లు మోయునో యోచించువారు తక్కువ. కుక్కకు పేరు పెట్టునపుడు ముహూర్తము లేదు, నక్షత్రము లేదు. పిలిచిన వచ్చునా, పిలుచుటకు ముచ్చటగా నుండునా యను రెండే ప్రశ్నలు. ఈ రెండును శిశువుల విషయమున కూడ వేసికొన్న బాగుండునని మాకిటీవల తోచినది. ఎట్లు తోచినదో చెప్పెదము.

మా యొద్ద చదివిన విద్యార్థి యొకడు ఐర్లండు దేశమున డబ్లిను నగరమునందు ఉద్యోగము చేయుచు సకుటుంబముగా నున్నాడు. వారింటి కుక్క నాలుగు పిల్లలను పెట్టినది. తల్లి జాతికుక్క కాదు. తండ్రి యెవరో యెవరికిని తెలియదు. ఆ దేశమున పండ్రెండు వారములు నిండకమున్నే ప్రతి కుక్కపిల్లకును చర్మము క్రింద సంఖ్యగల చిన్న తునుక నమర్చి, యజమాని పేరుతో నమోదు చేయింపవలెనని 2015వ సంవత్సరపు నిబంధన. ఆలోపల పేరులు నిశ్చయింపవలెనని వారికి తొందర కలిగినది. ఎనిమిదేండ్ల కుమార్తె, ఆ దేశపు పురాతన గాథలలోని పేరులే కావలెనని పట్టుబట్టినదట. "మాస్టరుగారూ, సంస్కృతమును ఇంగ్లీషును రెండును చదివినవారు మీరు, నాలుగు పేరులు చెప్పి పుణ్యము కట్టుకొనుడు" అని అతడు వ్రాసెను.

సంస్కృతమునకును ఐర్లండు కుక్కలకును సంబంధమేమని యడుగుదురేమో. సంబంధము కలదు. 1786వ సంవత్సరమున కలకత్తాలో విలియం జోన్సు పండితుడు సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఏకమూలము కలవని చెప్పునపుడే కెల్టు భాషయు నా కుటుంబములోనిదే కావచ్చునని సూచించెను. అది నిజమని తరువాతి పండితులు స్థాపించిరి. మన 'శ్వా' శబ్దమే ప్రాచీన ఐరిషు భాషలో 'కూ' యైనది. వేల్సు భాషలో 'కి' యైనది. గ్రీకులో 'క్యూయోన్' అయినది. మన శకారమున్నచోట వారికి కకారముండుట ఆ భాషల యందలి నియమము. వేల లోయలు, వేల యేండ్లు దాటియు ఈ జంతువు తన పేరును పోగొట్టుకొనలేదు.

శబ్దమొకటే యైనను గౌరవ మొకటి కాలేదు. మనలో నొకనిని కుక్క యనుట కంటె తిట్టు లేదు. కెల్టులలో నది బిరుదము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున బ్రిటనులో నేలిన కునోబెలినసు పేరునకు బెలినుడను దేవుని కుక్క యని యర్థము చెప్పుదురు. ఐర్లండు వీరులలో నగ్రగణ్యుడైన కూహులిన్ కథ యింకను చక్కనిది. అతని మొదటి పేరు సెతాంత. బాలుడై యుండగా కులన్ అను కమ్మరి యింట విందునకు ఆలస్యముగా వచ్చి, తనమీదికి దుమికిన కావలికుక్కను చంపెను. కమ్మరి దుఃఖించెను. అంతట బాలుడు, దాని జాతి పిల్ల నొకదానిని పెంచియిచ్చెదను, అది పెరుగువరకు నేనే నీ యింటికి కుక్కనై కావలియుండెద ననెను. కాథ్బద్ అను పురోహితుడు అతనికి 'కులన్‌యొక్క కుక్క' యని పేరు పెట్టెను. తన పాతపేరే తనకు చాలునని బాలుడు మొదట నన్నను, లోకమెల్ల ఈ పేరే చెప్పుకొనునని పురోహితుడు నచ్చజెప్పెను. అట్లే జరిగినది.

దీనిప్రక్కన మన ఐతరేయబ్రాహ్మణములోని కథ నుంచి చూడుడు. అజీగర్తునకు ముగ్గురు కొడుకులు: శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడు పేరులును కుక్క పేరులే. పెద్దవానిని తండ్రి వదలడు, చిన్నవానిని తల్లి వదలదు. నడిమివానిని నూరావులకు యజ్ఞపశువుగా నమ్మివేసిరి. ఒకడు తాను చేసిన నష్టమును తీర్చుటకై కుక్క పేరును తలదాల్చెను. మరియొకనికి పుట్టినప్పుడే ఆ పేరు పెట్టి, తరువాత వెల కట్టిరి.

ఇక పేరుల సంగతి. ఐరిషు గాథలలో ఫిన్ అను వీరునకు ప్రాణసమానములైన రెండు వేటకుక్కలు కలవు: బ్రాన్, ష్క్యోలన్. ఇవి యతని తల్లి తోబుట్టువైన టురెన్ అను స్త్రీ, అసూయాగ్రస్తయైన మంత్రగత్తె వలన కుక్కరూపము పొందియున్నపుడు పుట్టినవి. ఇంగ్లీషున వీనిని ఫిన్ వీరునికి 'కజిన్లు' అందురు. ఆ మాటలో సారము లేదు. తల్లి తోబుట్టువు బిడ్డలు మన వరుసలో అన్నదమ్ములు. ఫిన్ వేటకు పోవునపుడు తన వెంట నడచినది కుక్కలు కాదు, తమ్ములు. లేడి రూపమున నున్న సైవ్ అను కన్యను తక్కిన వేటకుక్కలు చుట్టుముట్టినపుడు ఈ రెండే యామెను కాపాడినవనుట అందువలననే వింత గాదు. ఈ రెండు పేరులును మేము ముందు వ్రాసితిమి.

మూడవది కవాల్. ఇది ఆర్థరు రాజు కుక్క. వేల్సు దేశమున నొక రాళ్లగుట్టపై దాని యడుగుజాడ పడిన రాయి కలదనియు, దానిని ఎవరైన నెత్తుకొనిపోయినను మరునాటికి మరల గుట్టపైనే యుండుననియు తొమ్మిదవ శతాబ్దపు గ్రంథమొకటి చెప్పుచున్నది. ఎంత దూరము తీసికొనిపోయినను ఇల్లు మరువని కుక్కకు తగిన పేరు.

ఆడుపిల్లకు నీవ్ అని వ్రాసితిమి. యౌవన మెన్నడును తరుగని ద్వీపమునకు ఫిన్ కుమారుని తోడుకొనిపోయిన బంగారు కురుల కన్య పేరిది. కాంతి యని యర్థము. ఐరిషు వర్ణక్రమమును చూచినవారు దీనిని చదువలేరు. చెవితో విన్నవారు మన 'నీవు' అనుకొందురు. తెలుగింటిలో 'నీవ్, ఇటు రా' యన్నచో కుక్కయు మనుమరాలును కూడ వత్తురని మేము పరిహాసముగా వ్రాసితిమి. మేవ్ అను రాణి పేరు కూడ తలపునకు వచ్చినది. కాని ఒకేయింట నీవ్, మేవ్ అని పిలిచిన కుక్కలకు భేదము తెలియదు. కుక్కల పేరులు పొట్టిగా నుండి సులువుగా పిలువ వీలుగా నుండవలెనని గ్రీకుదేశీయుడైన జెనొఫన్ రెండువేల మున్నూరేండ్లకు పూర్వమే వ్రాసి, నలుబదియేడు పేరుల పట్టికనిచ్చెను.

గెలెర్ట్ అను పేరును కావలెననియే విడిచితిమి. రాజకుమారుని తోడేలునుండి కాపాడిన కుక్కను, మూతినున్న నెత్తురు చూచి తొందరపడి రాజు చంపిన కథ యది. మన బ్రాహ్మణుడు, ముంగిస కథయే వేల్సు దేశమున వేషము మార్చుకొని కాపురమున్నది. అక్కడ దానికి సమాధి కూడ చూపుదురు. చంపి సమాధి కట్టిన కథను దినము పదిమారులు పిలువనేల?

కొన్ని దినములకు జవాబు వచ్చినది. "తక్కిన మూడును మా అమ్మాయికి నచ్చినవి. బ్రాన్ మాత్రము వలదని నా ప్రార్థన. ఇంగ్లీషున దానికి తవుడని యర్థము. నా పేరు మీకు తెలియును గదా."

మాకు తెలియును. ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలు దక్కనందున, ఆ తల్లి వీనిని పుట్టిననాడే పొరుగింటివారికిచ్చి, తవుడు పోసి మరల కొనుక్కొనెను. తవుటి వెల చేయు పిల్లను మృత్యువు కన్నెత్తి చూడదని నమ్మకము. ఆ తవుడే వాని పేరైనది. తరగతిలో హాజరు పిలుచునపుడు ఆ పేరు వచ్చుసరికి నవ్వు లేచెడిది. పిల్లవాడు తలవంచి మెల్లగా పలికెడివాడు. మేము నవ్వును గద్దించితిమి. పేరును మార్చు నధికారము మాకు లేదు. ఇప్పుడా పేరు పొడియక్షరములలో దాగియున్నది. కూతురికి దాని కథ తెలియదు.

మేమిట్లు వ్రాసితిమి: "నాయనా, ఇంగ్లీషు తవుడు వేరు, ఈ బ్రాన్ వేరు. ఐరిషునందు ఇది బొంతకాకి. వేల్సు గాథలలో బ్రాన్ అను మహారాజు కలడు. మనకు కాకి శ్రాద్ధదినమున తప్ప పూజ్యము కాదు గాని, అచ్చట నది వీరుల పక్షి. పేరుంచుము. అమ్మాయి యడిగిన తవుటి కథయు చెప్పుము. నీ తల్లి నిన్ను చులకన చేసి యా పేరు పెట్టలేదు, భయపడి పెట్టినది."

అతడు చెప్పెనట. ఆ పిల్ల కంటనీరు పెట్టలేదు, నవ్వలేదు. "ఎంత తవుడు?" అని యడిగినదట. తండ్రికి తెలియక తల్లికి ఫోను చేసి యడిగెను. చేటెడు అని యామె చెప్పినది. ఆ చేట యిప్పటికిని ఇంటిలో నున్నదట.

ఇట్టి పేరులు మనలో నెన్నియో కలవు. పెంటయ్య, పుల్లయ్య యనునవి బిడ్డను బ్రదికించుకొనుటకు తల్లులు పన్నిన యుపాయములు. వైద్యము లేని కాలమున మరేమి చేయగలరు? వానిని పరిహసించుటకు మనకు హక్కు లేదు. కాని నేడు టీకాలు కలవు, వైద్యశాలలు కలవు. మృత్యువును పేరుతో మోసగింప బనిలేదు. ఇంకొక విధమైన పేరులు కలవు. ఆడుపిల్ల మరల పుట్టినదను విసుగుతో పెట్టునవి భయమునుండి వచ్చినవి కావు, అనాదరణమునుండి వచ్చినవి. మహారాష్ట్రమున సతారా జిల్లాలో 'వలదు' అను నర్థముగల నకుశా యను పేరు మోయుచున్న బాలికలు రెండువందలకు పైగా 2011వ సంవత్సరమున నొక సభలో క్రొత్త పేరులు పొందిరి. తమ పేరులను తామే యెంచుకొన్నవారును వారిలో కలరు.

తండ్రి యెవరో తెలియని కుక్కపిల్లలకు రాజుల పేరులు వెదకుటకు మేము నాలుగు రాత్రులు గ్రంథములు తిరుగవేసితిమి. దానికి మాకు చింత లేదు. మన చదువరుల యింట రేపు శిశువు పుట్టినపుడు, ఉంగరమును బియ్యములో పెట్టుటకు ముందు ఒక్క గడియ యాగి, ఈ పేరును బడిలో గట్టిగా పిలిచిన బిడ్డ తలయెత్తి పలుకునా యని తల్లిదండ్రులు తమలో తామడుగుకొందురు గాక.