విత్తుల మూటయు విత్తుల పట్టికయు

విత్తొకటి పెట్టిన చెట్టొకటి మొలవదని మన పెద్దలందురు. విత్తుల విషయమున నది నిజమే గాని, విత్తుల పట్టిక విషయమున నిజము కాదని నేను నా యనుభవమువలన నేర్చుకొంటిని. మన పాఠశాల సంచికను జదువు విద్యార్థుల కుపయోగపడునేమో యని యా వృత్తాంతము నిచట వ్రాయుచున్నాను.

మా యూరు చిలమత్తూరు. హిందూపురమునకు సమీపమున, కర్ణాటకపు సరిహద్దు నానుకొని యున్నది. మెట్టసీమ, వానకు మొగము వాచిన సీమ. పూర్వపు అనంతపురము జిల్లాలో సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 2022 లో మా మండలము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, జిల్లా మాఱినంతమాత్రమున మేఘములు మాఱవు గదా! ఇట్టి చోట పెక్కు కఱవుల కోర్చి నిలిచిన విత్తు సామాన్యమైనది కాదు. ఒకప్పుడు రాగి, కొఱ్ఱ, ఉలవ, కంది, అనప కలసి పండిన పొలములలో గడచిన శతాబ్దపు చివరి దశాబ్దములందు వేరుసెనగ యొక్కటియే యెల్లెడల వ్యాపించెను. 1990 లో చెన్నేకొత్తపల్లి దాపున నారంభమైన టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు చిరుధాన్యములను మరల పొలముల కెక్కించుటకు పాటుపడుచున్నవి. కాని కూరగాయల పాతవిత్తులలో ననేకము మావంటి యిండ్ల పెరళ్లలోనే తలదాచుకొని యున్నవి.

మా పెరడు ఐదు సెంట్లు. దానికి రాణి మా యవ్వ. ఆమె విత్తులు చూరునకు వ్రేలాడు సొరబుఱ్ఱలలోను, అటుకమీది కుండలలోను, పాతచీరల మూటలలోను ఉండెడివి. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి యెండబెట్టును. చిక్కుళ్లను బూడిదలో కలుపును. కుండ యడుగున వేపాకు పఱచును. ఏ మూటయందేమున్నదో యెచ్చటను వ్రాయలేదు. ఆమెకు వ్రాయుట రాదు, వ్రాయవలసిన యవసరమును లేకుండెను. కాని వయస్సు మీఱి కన్నులకు శుక్లములు క్రమ్మిన పిదప, ఒకనాడామె బీరవిత్తుల మూటను చేత బట్టుకొని, "ఇది యేమి ఇత్తనమురా నాయనా? చూసి చెప్పు" అని నన్నడిగెను. నాకు గుండె ఝల్లుమన్నది. ఈమె మఱచినచో మఱి చెప్పువారెవ్వరు?

నేను కొలువులో కంప్యూటరుతో పని చేయువాడను. కావున నీ విత్తులన్నిటిని కంప్యూటరు పట్టికలో నెక్కించెదనని సంకల్పించితిని. అడ్డుగడులు, నిలువుగడులు గీచి లెక్కలు వేసిపెట్టు నిట్టి పట్టికను గృహములందలి చిన్న కంప్యూటర్లకు మొట్టమొదట తెచ్చినది 1979 లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు నిర్మించిన విసికాల్క్. నేను వాడినది వెల లేకయే లభించు లిబ్రె ఆఫీసులోని పట్టిక.

మూటలు విప్పి లెక్కింపగా నలువదిమూడు రకములు తేలెను. ఒక్కొక్కదానిని కాగితపు సంచిలో పోసి, సంచిపై సంఖ్య వేసితిని. పట్టికలో సంఖ్య, పేరు, కోసిన సంవత్సరము, ఎచ్చటినుండి వచ్చినది, విత్తు కార్తె, మొలక శాతము అను నిలువుగడుల నేర్పఱచితిని. తడిగుడ్డలో ఇరువది గింజలు చుట్టి, వారము దినములకు విప్పి, మొలచినవాని నెంచి మొలక శాతమును వ్రాసితిని.

చిక్కంతయు పేరు దగ్గఱ వచ్చెను. మేము మటిక్కాయ యనునది కోస్తావారికి గోరుచిక్కుడు, పొలిమేర దాటిన గోరికాయి. పోనీ శాస్త్రనామము వ్రాసెదమన్నచో చిక్కుడునకును అనపకును లాబ్లాబ్ పర్పూరియస్ అను నొక్కటియే నామము! మా యవ్వ యీ మాట విని నవ్వి, "చిక్కుడు కాయతో తినేది, అనప గింజ ఒలుచుకొని తినేది. రెండూ ఒకటని చెప్పినవాడు పితికిపప్పు తిన్నోడు కాదు" అనెను. కావున మా యింటి పేళ్లనే వ్రాసితిని. వానిలో నొకటి "పుట్టింటి అనప". మా యవ్వ కాపురమునకు వచ్చునాడు వాళ్లమ్మ కొంగున గట్టి పంపిన విత్తది.

విత్తులకును ఆయువు గలదు. నీరుల్లి విత్తు ఒకటి రెండేండ్లకే సత్తువ గోల్పోవును. వంగ, టొమాటో విత్తులు నాలుగైదేండ్లు నిలుచును. విత్తులోని తేమ నూటి కొక పాలు తగ్గినకొలది దాని యాయువు రెట్టింపగునని హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన స్థూలసూత్ర మొకటి కలదు. మా యవ్వ యెండయు బూడిదయు చేయుపని యదియే. అయినను ఎంత యెండబెట్టినను మూటలోనే యుండిన విత్తు ఒకనాటికి చచ్చును. అందుచేత ఏ విత్తుకైన గడువు సమీపించినచో దాని గడి దానంతట నదియే యెఱ్ఱబాఱునట్లు సూత్రము వ్రాసితిని. ఆ పట్టికను చూచి నాలో నేనే పొంగిపోతిని.

గర్వభంగమున కెంతో కాలము పట్టలేదు. మృగశిరలో విత్తుట ముగిసిన పిదప నొకనాడు, పేళ్లు అకారాది క్రమమున నున్న సొంపుగా నుండునని తలచి, పేళ్ల నిలువుగడిని మాత్రము పట్టి క్రమపఱుపుమని యాజ్ఞాపించితిని. "ప్రక్క గడులను గూడ చేర్చవలెనా?" అని యంత్రము మర్యాదగా నడిగెను. నేను ప్రశ్నను జదువకయే వలదంటిని. పేళ్లన్నియు చక్కగా వరుసదీఱెను. సంఖ్యలు, సంవత్సరములు మాత్రము కదలకుండ నున్నచోటనే యుండెను. అనగా ఒకరి పేరు మఱియొకరి నెత్తికెక్కెను. నేనది గమనింపక భద్రపఱచి మూసివేసితిని. వేఱు ప్రతి లేదు. సంచులపై సంఖ్యలే గాని పేళ్లు లేవు.

అంతలో కొలువుపనిమీద నేను పై యూరి కేగవలసివచ్చినది. ఆ సాలు పెరడు బీడుపడెను. పట్టికను మాత్రము అప్పుడప్పుడు తెఱచి చూచుకొనుచుంటిని. ఒక గడి యెఱ్ఱబడెను. దాని ప్రక్క "దోస" యని యుండెను. దోసవిత్తులు మాకు కావలసినన్ని యున్నవి గదా యని యుపేక్షించితిని.

మఱుసటి యేడు మృగశిరలో, అలసంద యని వ్రాసియున్న సంచిని విప్పగా కాకరగింజలు రాలెను. మఱియొకటి విప్పితిని, అదియు నంతే. అప్పుడు నా తప్పు నాకు తెలిసెను. సొర, బీర, కాకర, బెండ మొదలగువానిని నేనే గుర్తుపట్టితిని. చిక్కుడుజాతి సంచులు పదునొకండు మాత్రము నాకు కొఱుకుడు పడలేదు.

సిగ్గుపడుచు నా సంచులను అవ్వ ముందర పెట్టితిని. ఆమె నన్నొక్కమాటయు ననలేదు. చేట తెమ్మనెను. గింజలను చేటలో పోసి వ్రేళ్లతో తడవి చూచెను. అరచేత తూచినట్లు పట్టుకొనెను. కొన్నిటిని పంట కొఱికెను. "ఇది పందిరి చిక్కుడు. ఇది నల్ల అలసంద. ఇది మీ చిన్నత్త ఇచ్చింది" అని చెప్పుచు పదునొకంటిలో తొమ్మిదింటికి పేళ్లు పెట్టెను. తక్కిన రెండును ఆమెకును సందేహమే. వానిని విత్తి చూచుటకంటె గత్యంతరము లేకపోయెను.

ఒకటి మొలచి ఊదాపూలు పూచి చిక్కుడని తేలెను. రెండవదానిలో పండ్రెండు గింజలు విత్తితిని. ఒక్కటియు తల యెత్తలేదు. ఆ సంచి సంఖ్యను పట్టికలో వెదకితిని. నిరుడు ఎఱ్ఱబడి, "దోస" యని నేను త్రోసివేసిన గడి యదియే. అది పుట్టింటి అనప. యంత్రము తన ధర్మమును దాను నెఱవేర్చినది. నేనే దాని నోట తప్పుపేరు పలికించితిని.

ఈ మాట అవ్వకు చెప్పుటకు మూడు దినములు వెనుదీసితిని. చెప్పినపుడామె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "బాగేపల్లి దోవలో మనవాళ్లకు ఒకప్పుడు ఇచ్చినా. పోయి అడుగు" అనెను. ముగ్గురి పేళ్లు చెప్పెను. వెళ్లితిని. ఇద్దఱు ఆ పంటను మానుకొనిరి. మూడవ యింటి ముసలమ్మ, తాము అవరె యని పిలుచు గింజల డబ్బాను నా ముందర కుమ్మరించెను. కన్నుచుట్టు నల్లని వలయము గల గింజలను దానిలోనుండి యేఱగా పందొమ్మిది దొరకెను. అవ్వ వానిని తడవి, కొంగున వేసికొని, "ఇదేరా" అనెను. ఆశ్లేషలో విత్తగా పదునొకండు మొలచెను. సంక్రాంతికి కాయలు కాచినను ఆ యేడు మేము పితికిపప్పు వండుకొనలేదు. గింజ లన్నిటిని విత్తులకే యుంచితిమి.

పటాన్‌చెరువులో 1972 లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, సెనగ, కంది, వేరుసెనగ, చిరుధాన్యముల రకములను లక్షకు పైగా భద్రపఱచియున్నది. అట్టి విత్తుకోశములలో లోనికి వచ్చిన ప్రతి విత్తునకు నొక సంఖ్య నిత్తురు. అది మఱియొకదాని కెన్నడును చెందదు. సేకరించిన చోటు, స్థానికనామము మొదలగు వివరములు ఆ సంఖ్యతోనే ముడిపడి యుండును. ఒక ప్రతిని వేఱొకచోట నుంచుటయు వారి పద్ధతి. లక్ష సంచులవారు పాటించు నియమమును నలువదిమూడు సంచులవాడను నేను పాటింపనైతిని.

ఇప్పుడు మా సంచులపై సంఖ్యయు పేరును రెండును గలవు. సంచిలోపల నొక చీటియు గలదు. పట్టిక ప్రతి యొకటి మా చెల్లెలి యింట నున్నది. పట్టికలో క్రొత్తగా రెండు నిలువుగడులు చేర్చితిని. మొదటిది "గుర్తు": గింజ రంగు, కన్ను, బరువు మొదలగునవి అవ్వ చెప్పగా వ్రాసినవి. రెండవది "ఎవరికిచ్చితిమి". ఈ రెండవదియే నా పట్టికలో నతిముఖ్యమైన గడి. ఏలయన, పుట్టింటి అనపను కాపాడినది నా యంత్రము కాదు. ఒకప్పుడు మా యవ్వ లెక్కింపక యిచ్చిన పిడికెడు గింజలు.

విద్యార్థులారా! మీ యిండ్లలోను అవ్వలు, తాతలు, వారి మూటలు నుండును. ఈ సెలవులలో నొక్క మూటనైన విప్పి, పేరడిగి వ్రాసికొనుడు. కంప్యూటరున్న నందు వ్రాయుడు. లేనిచో నోటుపుస్తకము చాలును. వ్రాసిన పిదప నా విత్తును నాటుడు. పండినదానిలో సగము పొరుగువారి కిండు. ఇచ్చినవారి పేరును వ్రాసికొనుట మాత్రము మఱువకుడు.