పాలపళ్ళే కదా అని...

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళా. అక్క కూతురు (ఏడేళ్ళు, ఊళ్ళో ప్రభుత్వ బడిలో రెండో తరగతి) జామకాయని ఒక పక్కనే నములుతోంది. నోరు తెరవమంటే ఒక పట్టాన తెరవలేదు. "మావయ్యా, ఫోనిస్తే చూపిస్తా" అని బేరం పెట్టి మరీ తెరిచింది. కింద చివరి పన్ను నల్లగా గుంట పడి ఉంది.

"పాలపళ్ళే కదరా, ఎట్టాగూ ఊడేవేగా" అంది అక్క.

ఇక్కడే మనం పప్పులో కాలేస్తాం. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటాం. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పోతే మళ్ళీ రాదు. ఇదంతా నాకెలా తెలుసంటారా? పన్నెండేళ్ళప్పుడు నేను పీకించుకున్నది ఆ పన్నే. ఇరవయ్యేళ్ళ తర్వాత అక్కడ ఇంప్లాంటు పెట్టిన డాక్టరు గారు బిల్లుతో పాటు ఈ పాఠం కూడా చెప్పారు.

అసలు తమాషా ఏంటంటే, ఈ పుచ్చుని నాకంటే ముందే డాక్టర్లు కనిపెట్టారు. అక్క బీరువాలోంచి ఓ చీటీ తీసింది. దసరాకి ముందు బడికొచ్చి పిల్లలందర్నీ చూసి, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళమని రాసిచ్చారట.

2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకు వర్తిస్తుంది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యాలు కలిపి ఎన్నో రకాల సమస్యలు చూస్తారు, పుచ్చిపళ్ళతో సహా. డాక్టర్లు, నర్సు, ఫార్మసిస్టు ఉన్న బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్ళాలి. పై ఆసుపత్రికి పంపితే వైద్యం కూడా ఉచితమే. నిజంగా మంచి పథకం, వెటకారం కాదు.

మరి చీటీ బీరువాలో ఎందుకుంది? అక్కని కోప్పడబోయి ఆగాను. ఆసుపత్రి 40 కిలోమీటర్లు. ఒకసారి వెళ్ళారట. ఓపీ టైమైపోయింది, రేపు రమ్మన్నారట. బస్సు ఛార్జీలు, బావ ఒక రోజు పని పోయాయి. ఆ 'రేపు' మూడు నెలలైనా రాలేదు.

మా ఆఫీసులో టెస్టింగ్ వాళ్ళు బగ్ రాసి ఊరుకోరు. అది ఎవరి నెత్తిన ఉంది, ఎప్పుడు క్లోజ్ చేస్తారని రోజూ ప్రాణం తీస్తారు (నన్నైతే మరీనూ). ఇక్కడ ఆ ఒక్క ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. "పాపని తీసుకెళ్ళారా?" అని మా అక్కకి ఒక్క ఫోను కూడా రాలేదు. బడికొచ్చిన ఆ బండే, చీటీలిచ్చిన పిల్లల్ని ఒక రోజు చూసుకుని ఆసుపత్రికి తీసుకెళ్తే? లేదా పళ్ళ డాక్టరే నెలకోసారి మండలానికొస్తే? ఇవేం రాకెట్ సైన్సు కాదు కదా!

కనుమ వెళ్ళిన రెండ్రోజులకి పొద్దున్నే మొదటి బస్సులో పాపని తీసుకెళ్ళాం. పుచ్చు ఇంకా నరం దాకా పోలేదట. శుభ్రం చేసి సిమెంటు పెట్టారు, పైసా తీసుకోలేదు. ఇంటికి రాగానే అక్క, అంగన్‌వాడీకెళ్ళే చిన్నోణ్ణి పట్టుకుని "ఏదీ, ఆ అను" అంది. వాడు నా ఫోను వైపు చూశాడు.