ఊళ్లోకే వచ్చిన కోర్టు

తెనాలి–బాపట్ల రైలు మార్గంలోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. కొన్ని శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. బాధితులు మృతులను ఊరి నడుమే ఖననం చేసి, ఆ చోటిని రక్తక్షేత్రమన్నారు. విచారణ కూడా అక్కడే జరగాలని పట్టుబట్టారు. న్యాయవాది బొజ్జా తారకం అండగా నిలిచారు. చివరికి ప్రత్యేక కోర్టు చుండూరుకే వచ్చింది. కూలి మానుకుని దూరం పోనక్కర్లేకుండా సాక్షులు సొంత ఊళ్లోనే నోరు విప్పారు. భయం కమ్మిన పల్లెలో అది చిన్న గెలుపు కాదు.

2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది, కేసు సుప్రీంకోర్టుకెక్కింది.

చుండూరు ఉన్న బాపట్ల లోక్‌సభ, వేమూరు శాసనసభ స్థానాలు 2009 నుంచి ఎస్సీలకు రిజర్వు అయ్యాయి. సీటు దక్కడం వేరు, న్యాయం దక్కడం వేరు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ప్రజాస్వామ్యం గురించి మాట్లాడే ప్రతి సభా చుండూరును పేరు పెట్టి ప్రస్తావించాలి.